సగం మాత్ర

మా చర్చి హాల్లో కాఫీ డ్రమ్ము పక్కన ఒక మడత బల్ల ఉండేది. ఇప్పుడు ఆ చోట పిల్లల స్ట్రోలర్లు పెడుతున్నారు. ప్రతి ఆదివారం అటు చూడకూడదనుకుంటాను, చూస్తాను. ఆ బల్ల పోవడానికి కారణం నేను. ఈ మాట ఒకసారి అందరి ముందూ నోటితో చెప్పాను. అది చాలలేదనిపించి ఇప్పుడు రాస్తున్నాను. నేను ఐదో తరగతి వరకే చదివాను. బైబిలు చదవడానికీ సరుకుల చీటీ రాయడానికీ తప్ప ఆ చదువుతో నాకు పని పడలేదు. అక్షరాలు తప్పు పడితే మా అమ్మాయి దిద్దుతుంది. సంగతి మాత్రం దిద్దవద్దని చెప్పాను.

మాకు సొంత మందిరం లేదు. మేముండే ప్లేనో ఊళ్ళో ఒక అమెరికావాళ్ళ చర్చిని అద్దెకు తీసుకున్నాం. వాళ్ళ ఆరాధన ముగిసి కార్లన్నీ వెళ్ళిపోయాక, మధ్యాహ్నం రెండింటికి మా కార్లు వస్తాయి. పాటలు, సాక్ష్యాలు, వాక్యం అయ్యేసరికి ఐదవుతుంది. తర్వాత హాల్లో అన్నం, కోడికూర, పెరుగు. ఆ భోజనాల పక్కనే నర్సమ్మ బీపీ చూసే బల్ల.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. మా గుంటూరు వైపు మిషన్ ఆసుపత్రిలో పని నేర్చుకుని, పరీక్షలు రాసి ఈ దేశం వచ్చింది. భర్త లేడు. శనివారం రాత్రంతా ఆసుపత్రిలో పని చేసి, ఆదివారం కాసేపు పడుకుని చర్చికి వచ్చేది. చీర కట్టుకున్నా కాళ్ళకు మాత్రం ఆ ఆసుపత్రి బూట్లే. చర్చిలో ఆడవాళ్ళందరినీ సిస్టర్ అనే పిలుస్తారు కాబట్టి, ఆమెను వేరు చేయడానికి మా ముసలివాళ్ళం నర్సమ్మ అనేవాళ్ళం.

మొదట్లో ఆ బల్ల నాకు గిట్టలేదు. దేవుని మందిరంలో ఈ ఆసుపత్రి సంత ఏమిటనుకునేదాన్ని. మా అమ్మాయితో అన్నాను కూడా. ఇష్టం లేకపోతే వెళ్ళకమ్మా, నిన్నెవరూ బలవంతం చేయట్లేదుగా అంది. నేను వంటగదిలో ప్లాస్టిక్ చెంచాలు కడుగుతూ దూరం నుంచే చూసేదాన్ని. ఒక్కసారి వాడి పారేసే చెంచాలట. శుభ్రంగా కడిగితే మళ్ళీ ఆదివారానికి వస్తాయి. అవి నేను కడుగుతుంటే పిల్లలు నవ్వుకునేవారు. నవ్వుకోనీ.

అలా చూస్తూ చూస్తూనే ఆమె పని నాకు అర్థమైంది. ముందు తన అరచేతులు రెండూ రుద్దుకుని వేడి చేసుకునేది, అప్పుడు ముసలివాళ్ళ చెయ్యి ముట్టుకునేది. చేతికి పట్టీ చుట్టి, పాదాలు రెండూ నేలకు ఆనించమని, "రెండు నిమిషాలు మాట్లాడకండి," అనేది. మా వాళ్ళకు రెండు నిమిషాలు నోరు మూసుకోవడమంటే ఎంత కష్టమో! కోడలి మీద చెప్పుకునేవాళ్ళు, మోకాళ్ళ నొప్పులు చెప్పుకునేవాళ్ళు, అందరూ ఆ రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టినట్టు కూర్చునేవారు. లెక్క చూసి చెప్పాక అప్పుడు వినేది, తొందర పడకుండా. నిద్ర పడుతోందా, మాత్రలు ఉన్నాయా, ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడుతున్నారా అని అడిగేది. అక్కడ చెప్పింది ఇంకో చెవిన పడేది కాదు. అందుకే అందరూ చెప్పేవారు.

బల్ల దగ్గర కనిపించేది ఆమె పనిలో సగమే. కారులో ఇళ్ళకు వెళ్ళి, వంగలేనివాళ్ళకు కాలిగోళ్ళు తీసేది. తొలిచూలు ఆడపిల్లలకు బిడ్డను ఎలా ఎత్తుకోవాలో చూపించేది. డాక్టరు ఇంగ్లీషులో చెప్పిన పెద్ద జబ్బు పేరు ఇంటివాళ్ళకు తెలుగులో చెప్పాల్సి వస్తే ఆమెనే పిలిచేవారు. ఎవరైనా పోతే, పెట్టెలో పెట్టే ముందు స్నానం చేయించి బట్ట కట్టేది కూడా ఆమే.

నెలలో మొదటి ఆదివారం అందరూ వేసుకునే మందులన్నీ ఒక కవర్లో వేసుకుని తెమ్మనేది. ఒక్కొక్కటీ తీసి పేరు చూసి, ఇది పాతబడింది పారేయండి, ఈ రెండూ ఒకటే, రెండూ వేసుకోకండి అని చెప్పేది. నేనూ తీసుకెళ్ళేదాన్ని. సీసా మాత్రమే తీసుకెళ్ళేదాన్ని. స్టీలు డబ్బా ఇంట్లో ఉండేది.

ఆ డబ్బా సంగతి చెప్పాలి. నాకు బీపీ మాత్ర రోజుకొకటి వేసుకోమన్నారు. ఒంట్లో బాగానే ఉంది కదా, మొత్తం ఎందుకని కూరగాయల చాకుతో డబ్బా మూత మీద పెట్టి సగానికి కోసేదాన్ని. ఒక సగం వేసుకుని రెండో సగం డబ్బాలో దాచేదాన్ని. మూత మీద రాలిన పొడి కూడా వేలితో అద్ది నాలుక మీద వేసుకునేదాన్ని. మందులు మూడు నెలలకోసారి పోస్టులో వచ్చేవి, అయినా దాచేదాన్ని. అన్నం, గుడ్డ, సబ్బు, ఏదైనా సగంతో సరిపెట్టుకుని బతికినదాన్ని. మాత్ర వేరే సంగతని నాకు తోచలేదు.

ఇక వదిన. వదిన అంటే చుట్టరికం ఏమీ లేదు. మా పక్క ఊరు. చర్చిలో మొదటి రోజు మాట కలిసింది, ఆ రోజు నుంచి నాకు ఆమె వదిన, ఆమెకు నేను వదిన. కోడలి పురిటికి విజిటర్ వీసా మీద వచ్చింది. మనవరాలు పుట్టింది. ఆరు నెలలకు సరిపడా బీపీ మందులు తెచ్చుకుంది. ఈలోగా కొడుక్కి ఉద్యోగం పోయింది. అరవై రోజుల్లో ఇంకో కంపెనీ దొరక్కపోతే సామాను సర్దుకోవాల్సిందే. చంటిపిల్లతో వాళ్ళు ఆ కంగారులో ఉంటే వదిలి వెళ్ళలేక, గడువు పొడిగించమని అర్జీ పెట్టి ఉండిపోయింది. ఆమె ఉండిపోయింది గాని మందులు ఆగుతాయా? అయిపోయాయి.

వంటగదిలో చెంచాలు తుడుస్తూ ఈ మాట నాతో అంది.

"మా వాడికి చెప్పలేను వదినా. ఇన్సూరెన్స్ లేదు. వాడిప్పుడు అన్నమే సరిగ్గా తినట్లేదు."

నేను మరుసటి ఆదివారం డబ్బాలోంచి పది సగాలు తీసి, ఆరాధన క్రమం అచ్చేసిన కాగితంలో మడిచి తెచ్చాను. ఆమె డాక్టరు రెండు రకాలు రాశాడట. అందులో నాది ఒకటో కాదో అడగలేదు. నాకు సగం చాలుతోంది, నీకూ చాలుతుంది, రోజుకొకటి వేసుకో అన్నాను. నర్సమ్మకు చెప్పొద్దని కూడా నేనే అన్నాను. చెప్తే నీ కొడుక్కి చేరుతుంది అన్నాను. వదిన ఆ మడత రొంటిన ఉండే చిన్న బట్ట సంచిలో పెట్టుకుంది. నాకు పుణ్యకార్యం చేసినంత తృప్తిగా ఉంది ఆ రోజు.

తరువాతి ఆదివారం వదిన బల్ల దగ్గర కూర్చుంది. నర్సమ్మ ఒకసారి చూసింది. పట్టీ విప్పి, రెండో చేతికి చుట్టి మళ్ళీ చూసింది. మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగింది. వదిన తలతిప్పి వంటగది వైపు, నా వైపు చూసింది. వేసుకుంటున్నానని చెప్పింది.

వేసుకుంటూ ఉంటే ఇంత ఉండకూడదు, అయితే మందే మార్చాలి, డాక్టరు చూడాలి అంది నర్సమ్మ. ఇప్పుడే ఎమర్జెన్సీకి వెళ్దాం పదండి, నేను తోడొస్తాను అంది. వదిన ఒప్పుకోలేదు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు అని, ఆమె రెండు చేతులూ పట్టుకుని కొడుక్కి చెప్పొద్దని బతిమాలింది. నర్సమ్మ చాలాసేపు ఆలోచించింది. చివరికి, ఇన్సూరెన్స్ లేనివాళ్ళను చూసే క్లినిక్ ఒకటుంది, మంగళవారం నాకు సెలవు, వచ్చి తీసుకెళ్తాను అంది.

"చెప్పనులేమ్మా. కానీ గురువారం దాటితే మాత్రం నేనే మీ అబ్బాయికి ఫోన్ చేస్తాను. అప్పుడు నన్ను తిట్టుకోకూడదు."

నేను చెంచాలు కడుగుతూనే ఉన్నాను. వదిన వచ్చి ఇదంతా చెప్పాక, ఇంకో పది ఇవ్వనా అని అడిగాను. ఉన్నాయిలే వదినా, దాచు అంది.

మంగళవారం నర్సమ్మ వాళ్ళింటికి వెళ్ళింది. ఆ రోజు కొడుక్కి ఇంటర్వ్యూ, చంటిదానికి టీకాలు. ఇవాళ కుదరదు, గురువారం వస్తానని వదిన గుమ్మంలోంచే పంపించేసింది. బుధవారం పొద్దున మనవరాలికి నూనె రాస్తూ రాస్తూ పక్కకు ఒరిగిపోయింది. బిడ్డ మీద పడకుండా ఎలా ఒరిగిందో దేవుడికే తెలియాలి అంది ఆ కోడలు.

మా అమ్మాయి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి నర్సమ్మ అక్కడే ఉంది. డాక్టర్లు, ఈమె ఏం మందులు వాడుతోందని అడుగుతున్నారట, కొడుక్కేమీ తెలియదు. నర్సమ్మ నన్ను వరండాలో పక్కకు తీసుకెళ్ళింది.

"అమ్మగారూ, ఆవిడ మీతోనే అన్నీ చెప్పుకుంటారు. మాత్రలు నిజంగా వేసుకునేవారా?"

"వేసుకునేది. నా కళ్ళతో చూశాను," అన్నాను.

నేను చూడలేదు. ఇచ్చాను, అంతే. ఎందుకలా అన్నానో అప్పటినుంచి నన్ను నేను వెయ్యిసార్లు అడిగాను. భయమనుకుంటే భయం. మా అమ్మాయి పక్కనే ఉందన్న సిగ్గనుకుంటే సిగ్గు. నర్సమ్మ నా ముఖం కాసేపు చూసి, లోపలికి వెళ్ళి అదే మాట వాళ్ళకు చెప్పింది. అప్పటికి మందు తేడా ఏమీ చేయదని, తలలోపల నరం చిట్లిపోయిందని తర్వాత మా అమ్మాయి చెప్పింది. నన్ను ఓదార్చడానికి చెప్పిందో, నిజమో నాకు తెలియదు. నాలుగో రోజు వదిన పోయింది.

ఊళ్ళో భర్త సమాధి పక్కన పెట్టాలని, శరీరాన్ని ఇండియాకు పంపే ఏర్పాటు చేశారు. పెట్టె మూసే ముందు చీర కట్టడానికి నర్సమ్మ నన్ను తోడు రమ్మంది. ఇంకెవరినైనా పిలవొచ్చు, నన్నే పిలిచింది. చల్లటి గది. ఇద్దరమే ఉన్నాం. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కవర్లో వదిన గాజులు, కళ్ళజోడు, రొంటి సంచి ఉన్నాయి. కొడుకు ఆ కవరు నర్సమ్మ చేతికే ఇచ్చాడు.

ఆమె ఆ రొంటి సంచిలోంచి ఒక కాగితం మడత తీసి నా చేతిలో పెట్టింది.

"ఇవి మీవనుకుంటాను అమ్మగారూ."

విప్పాను. నా చాకు గాట్లు నేను గుర్తుపట్టనా? ఎగుడుదిగుడుగా, అంచులు పొడి రాలి. ఏడు సగాలు. నేను ఇచ్చినవి పది. ఇచ్చి పది రోజులకు పడిపోయింది. ఒక్కటీ మిగిలి ఉండకూడదు. అంటే సగం మాత్ర కూడా రోజూ వేసుకోలేదు, దాచుకుంది. అలా దాచుకోవడం నన్ను చూసి నేర్చుకుంది.

నర్సమ్మ నన్ను ఒక్క మాట అడగలేదు. "కుచ్చిళ్ళు పట్టుకోండి," అంది. పట్టుకున్నాను. ఆమె అరచేతులు రుద్దుకుని, వేడి చేసుకుని, అప్పుడు వదినను ముట్టుకుంది. చనిపోయిన మనిషికి చల్లగా తగిలితే ఏమిటి? అయినా అలాగే చేసింది.

ఉద్యోగం లేకుండా ఊరు వెళితే మళ్ళీ రానివ్వరని, కొడుకు సమాధి కార్యక్రమం ఫోన్లోనే చూశాడు. అది ముగిశాక, ఇంటివాళ్ళను ఓదార్చడానికి మా హాల్లో ఆదరణ కూడిక పెట్టారు. అందరూ మాట్లాడారు. చివర్లో అతను లేచి నిలబడ్డాడు. ఎవరు చెప్పారో, బల్ల దగ్గర చూసిన లెక్క సంగతి అతనికి తెలిసింది.

"అక్కా, మా అమ్మ బీపీ ఎంతుందో నీకు తెలుసు. నాకు తెలీదు. ఆమె కొడుకుని నేనా, నువ్వా?"

"ఆవిడ చెప్పొద్దన్నారు తమ్ముడూ."

"చెప్పొద్దంటే మానేస్తావా? ఒక్క ఫోన్ కాల్. నీ హాస్పిటల్లో అయితే ఇలాగే వదిలేస్తావా?"

ఆమె తలవంచుకుంది. నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను. కాగితం మడత నా చేతి సంచిలోనే ఉంది. ఆమె తల ఎత్తి నా వైపు ఒక్కసారి చూసి ఉంటే, అందరూ నన్ను చూసేవారు. చూడలేదు. బల్ల దగ్గర విన్నది ఎలా దాచిందో, ఆ చల్లటి గదిలో చూసింది కూడా అలాగే దాచింది.

ఆ వారమే సంఘపెద్దలు కూర్చున్నారు. లయబిలిటీ అని, రేపెవరైనా కేసు పెడితే అని ఇంగ్లీషులో మాట్లాడుకున్నారట. బల్ల వద్దన్నారు. మరుసటి ఆదివారం ఆమె తనే బల్ల మడిచి గోడకు ఆనించింది. పట్టీ, మిషను సంచిలో పెట్టుకుంది. అంతకాలం ఆమె దగ్గర చెయ్యి చాపినవాళ్ళు ఆ రోజు అన్నం ప్లేట్లు పట్టుకుని ఇంకో పక్కకు తిరిగి నిలబడ్డారు. నేనూ వాళ్ళలో ఉన్నాను.

ఆ తర్వాత తెలిసిన సంగతి ఒకటుంది. మందులు అయిపోయిన ముసలివాళ్ళు ఆమెకు చెప్పుకుంటే, మా చర్చిలోనే ఉన్న డాక్టరుగారికి చూపించి, ఆయన చేత రాయించి ఆ సాయంత్రానికే తెచ్చి ఇచ్చేదట. ఇంతకుముందు ముగ్గురికి అలా చేసిందని వాళ్ళలో ఒకామె చెప్పింది. ఆ మాత్రలు ఖరీదైనవి కూడా కావట, కరివేపాకు కట్ట పాటి చేయవట. వదిన ఆ ఆదివారం "అయిపోయాయి" అని ఒక్క మాట అని ఉంటే చాలు. ఆ మాట అననీయనిది నేను.

వచ్చే ఆదివారం చెప్తాను అనుకున్నాను. ప్రతి ఆదివారం అనుకున్నాను. ఆమె చివరి వరసలో కూర్చుని, భోజనానికి ఆగకుండా వెళ్ళిపోయేది. ఒకరోజు కారులో మా అమ్మాయి, "నర్స్ అక్క శాన్ రామన్ మూవ్ అయిపోయింది, వాళ్ళ అక్క దగ్గరికి," అని మామూలుగా అంది. విమానంలో వెళ్ళాల్సినంత దూరమట. నేను కిటికీ వైపు తిరిగాను. ఆ రాస్తా పొడుగునా అన్నీ ఒకేలాంటి ఇళ్ళు. ఎక్కడ మలుపు తిరిగామో కూడా తెలియలేదు.

వాక్యానికి ముందు మా చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవమంటారు. ఉద్యోగం వచ్చిందని, గ్రీన్ కార్డ్ వచ్చిందని, జబ్బు నయమైందని చెప్తారు. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ లేవలేదు. ఆ తర్వాతి ఆదివారం లేచాను. అలవాటుకొద్దీ ఎవరో "స్తోత్రం" అన్నారు. తర్వాత ఎవరూ అనలేదు. సంచిలోంచి కాగితం మడత తీసి, మాత్రలు కోసిన సంగతి, ఇచ్చిన సంగతి, చెప్పొద్దన్న సంగతి, ఆసుపత్రి వరండాలో ఆడిన అబద్ధం, చీర కట్టిన రోజు, అన్నీ వరసగా చెప్పాను. ఏడవలేదు. ఏడిస్తే వాళ్ళు జాలిపడతారు, అసలు సంగతి పక్కకు పోతుందని భయపడ్డాను. మా అమ్మాయి ముఖం మాత్రం చూడలేకపోయాను.

అప్పటికి వదిన కొడుక్కి ఉద్యోగం దొరికింది. పాపను ఒళ్ళో పెట్టుకుని వింటున్నాడు. పాప అతని వేలు కొరుకుతోంది. ముగిశాక కారు దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"అక్క నంబర్ ఉందా ఆంటీ మీ దగ్గర?" అన్నాడు.

మా అమ్మాయి ఇచ్చింది. అతను ఫోన్ చేశాడో లేదో నాకు తెలియదు. నాతో మళ్ళీ మాట్లాడలేదు. పాస్టరుగారు ఆమెకు ఫోన్ చేసి, పెద్దల తరఫున క్షమించమని అడిగారట. బల్ల మళ్ళీ పెడతాం, వేరే నర్సులెవరైనా కూర్చుంటారా అని చర్చిలో అడిగారు. ఇద్దరు నర్సులున్నారు, చిన్నపిల్లలు. ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. ఆమెకు జరిగింది చూశాక ఎవరు కూర్చుంటారు?

నేను ఫోన్ చేయడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. ఒక సాయంత్రం మా అమ్మాయే నంబరు కలిపి, ఫోన్ నా చేతికిచ్చి గదిలోంచి వెళ్ళిపోయింది. నర్సమ్మ ఎత్తింది. డ్యూటీకి ముందు కారులో కూర్చుని ఉన్నానంది. నేను మొదలుపెట్టబోయాను. పాస్టరుగారు చెప్పారులే అమ్మగారూ అంది. క్షమించమన్నాను. ఆమె మాత్రల సంగతి అడిగింది.

"మాత్ర మొత్తం వేసుకుంటున్నారా?"

వేసుకుంటున్నానని చెప్పాను. డబ్బా ఖాళీ చేసి బట్టల పెట్టెలో దాచాను, కంటపడకుండా.

"బీపీ ఎంత ఉంటోంది?"

"చూసేవాళ్ళు లేరమ్మా," అన్నాను.

 మీ అమ్మాయి ఇంట్లో మిషను కొందా అని అడిగింది. కొంది, అట్టపెట్టెలోనే ఉంది, నాకు చుట్టుకోవడం రాదన్నాను. తెచ్చుకోమంది. ఫోన్ మంచం మీద పెట్టి, ఆమె చెప్పినట్టు పట్టీ మోచేతి పైకి చుట్టుకున్నాను. వదులుగా ఉందా, వేలు దూరుతోందా అని అడిగింది. వీపు ఆనించండి, పాదాలు రెండూ నేల మీద పెట్టండి అంది. పెట్టాను.

"ఇప్పుడు రెండు నిమిషాలు మాట్లాడకండి."

నేను మాట్లాడలేదు. ఆమె కూడా ఫోన్ పెట్టేయలేదు. ఎక్కడో కార్లు వెళ్తున్న చప్పుడు, ఎవరో ఆమెను పిలిచిన చప్పుడు వినపడింది. వస్తున్నానని వాళ్ళకు ఇంగ్లీషులో చెప్పింది. వెళ్ళలేదు. గోడ మీద గడియారంలో ముల్లు రెండుసార్లు చుట్టి వచ్చేదాకా నా ఊపిరి నేను వింటూ కూర్చున్నాను. పక్కన కూర్చోవడానికి వదిన లేదు. తర్వాత బొత్తాం నొక్కమంది. పట్టీ బిగుసుకుంది. కనిపించిన అంకెలు చదివి చెప్పాను.

"ఇంకొకసారి చూద్దాం," అంది. "రెండో చేతికి చుట్టండి."